ఐమ్యాక్‌లో హార్డ్ డిస్క్ పోతే బయటి డ్రైవ్ ఎంతవరకు ఆదుకుంటుంది?

2012 చివర్లో వచ్చిన పల్చటి ఐమ్యాక్ (ఆపిల్ వారి, స్క్రీన్‌లోనే అంతా ఇమిడిన కంప్యూటర్) మొదలు 2019 మోడల్ దాకా ఒక తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. స్క్రీన్, ప్రాసెసర్, స్పీకర్లు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. లోపల తిరిగే హార్డ్ డిస్క్ మాత్రం అన్నిటికన్నా ముందు చేతులెత్తేస్తుంది. 21.5 అంగుళాల మోడళ్లలో నిమిషానికి 5,400 చుట్లు తిరిగే 2.5 అంగుళాల డిస్క్, 27 అంగుళాల వాటిలో 7,200 చుట్ల 3.5 అంగుళాల డిస్క్ ఎక్కువగా వాడారు. అది పాడైందని మొత్తం కంప్యూటర్‌ను పాత సామాను కింద అమ్మేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ యంత్రాల్లో వెనక ఉన్న యూఎస్‌బీ 3.0 పోర్ట్‌కు ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో పనిచేసే డ్రైవ్) తగిలించి, సిస్టమ్‌ను, అంటే మ్యాక్ ఓఎస్‌ను, దానిమీదే వేసుకుంటే సరిపోతుంది. పైగా కొత్తగా కొన్ననాటికన్నా వేగంగా కూడా నడుస్తాయి. బయటి డ్రైవ్‌ను తాత్కాలిక సర్దుబాటుగా చూడటం అలవాటు గానీ, ఈ తరం ఐమ్యాక్‌కు అది శాశ్వత ఏర్పాటుగానే బాగుంటుంది. అయితే పనులు ఒక వరుసలో జరగాలి. లోపలి డిస్క్‌లో కావలసిన ఫైళ్లు ఉంటే ముందు వాటిని బయటికి తీయాలి, కంప్యూటర్ నడిపించుకోవడం ఆ తరవాత. ఈ వరుస తప్పినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

పోయింది డిస్కేనా?

డిస్క్ చెడుతున్నప్పుడు మొదట కనిపించేది మందకొడితనం. రంగుల చక్రం నిమిషాల తరబడి తిరుగుతుంది, ఒక ఫోల్డర్ తెరిస్తే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతుంది. చదవలేని సెక్టార్ (డిస్క్‌లో డేటా దాచే చిన్న గడి) ఎదురైనప్పుడు డిస్క్ వెంటనే ‘రాలేదు’ అని చెప్పేయదు. అదే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి కొన్ని సెకన్ల పాటు ప్రయత్నిస్తుంది, ఆ లోపు వచ్చిన మిగతా పనులన్నీ వెనక వరుసలో నిలబడతాయి. అలాంటి సెక్టార్లు వందల్లో ఉంటే కంప్యూటర్ ఆన్ కావడానికే అరగంట పడుతుంది. చివరి దశలో ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డర్ బొమ్మ తెరమీద మినుకుమినుకుమంటుంది.

రోగ నిర్ధారణకు స్మార్ట్ లెక్కలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలు, చూడాలి. మ్యాక్‌లోని డిస్క్ యుటిలిటీ అనే సాధనం చూపించే ‘వెరిఫైడ్’ అన్న మాటను నమ్ముకోవడానికి లేదు. తయారీదారు పెట్టిన గీత దాటితే తప్ప అది ‘ఫెయిలింగ్’ అని చెప్పదు, అప్పటికి పరిస్థితి చేయి దాటి ఉంటుంది. స్మార్ట్‌సీటీఎల్ వంటి సాధనంతో విడివిడి అంకెలు చూడటం మేలు. 5వ లక్షణం పాడై పక్కన పెట్టేసిన సెక్టార్ల సంఖ్య, 197వది ఇంకా తేలని అనుమానపు సెక్టార్ల సంఖ్య, 198వది ఎంత ప్రయత్నించినా చదవలేనివి. 197 సున్నా కాకుండా ఉండి రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్క్‌కు వీడ్కోలు చెప్పాల్సిందే. స్టార్టప్‌లో ‘డి’ నొక్కి పట్టుకుంటే వచ్చే ఆపిల్ డయాగ్నస్టిక్స్‌లో వీడీహెచ్‌తో మొదలయ్యే కోడ్ వచ్చిందంటే అదీ స్టోరేజీ గురించే.

199వ లక్షణం కథ వేరు. అది డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో జరిగిన పొరపాట్ల లెక్క, అంటే అనుమానించాల్సింది కేబుల్‌ను. దీనికి పేరుమోసిన ఉదాహరణ 2012 మధ్యలో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. అందులో డిస్క్‌ను బోర్డుకు కలిపే పల్చటి సాటా కేబుల్ తరచూ దెబ్బతింటుంది, లక్షణాలన్నీ డిస్క్ పోయినట్టే ఉంటాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని లోపల వేసినా అదే కథ. డిస్క్‌ను బయటికి తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. బయట చక్కగా నడిస్తే తప్పు కేబుల్‌దే. అలాంటప్పుడు ఆ కేబుల్ ఒక్కటి మార్చితే చాలు.

ముందు డేటా

లోపలి డిస్క్ టిక్కుటిక్కుమని కొట్టుకుంటున్నా, గీసుకున్నట్టు చప్పుడు వస్తున్నా వెంటనే కరెంటు తీసేయాలి. రీడింగ్ హెడ్ దెబ్బతిన్న డిస్క్‌ను తిప్పే ప్రతి నిమిషమూ పళ్లెం మీది అయస్కాంత పూతను గీకేస్తుంది. డేటా విలువైనదైతే ఆ దశలో శుభ్రమైన గది ఉన్న రికవరీ ల్యాబ్ ఒక్కటే దారి. డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టమనే పాత చిట్కా ఇంకా చలామణీలో ఉంది. బయటికి తీయగానే పళ్లేల మీద తేమ పట్టి, మిగిలిన అవకాశం కూడా పోతుంది.

చప్పుడు లేకుండా కేవలం నెమ్మదించిన డిస్క్ అయితే ఇంట్లోనే చాలావరకు రాబట్టవచ్చు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఫైండర్‌లో ఫోల్డర్లు లాగి కాపీ చేయడం. పాడైన ఒక్క ఫైలు దగ్గర కాపీ ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడతారు, డిస్క్ మళ్లీ అదే చెడ్డ చోటును రుద్దుతుంది. డిస్క్ యుటిలిటీలోని మరమ్మతు సాధనం ఫస్ట్ ఎయిడ్‌ను నడపడం కూడా ఈ దశలో తప్పే, ఎందుకంటే అది చెడుతున్న డిస్క్ మీదే రాతపని చేస్తుంది. సరైన సాధనం గ్నూ డీడీరెస్క్యూ. ఇది బాగున్న భాగాలను ముందుగా గబగబా చదివేసి, కష్టమైన చోట్లను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా ఆపిన చోటి నుంచే సాగుతుంది.

పద్ధతి ఇదీ. సిస్టమ్‌రెస్క్యూ వంటి లైవ్ లినక్స్‌ను (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే సిస్టమ్, డీడీరెస్క్యూ అందులోనే ఉంటుంది) ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఐమ్యాక్‌ను దానినుంచి లేపాలి. పాడైన డిస్క్ 1 టీబీ అయితే నకలు దాచే డ్రైవ్‌లో 1 టీబీ కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. ఆ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఎక్స్‌ఫ్యాట్ ఉండాలి. మొదటి విడతలో చెడ్డ చోట్లను గీకకుండా దాటేసే ‘ఎన్’ స్విచ్‌తో నడపాలి. అది పూర్తయ్యాక అదే మ్యాప్ ఫైలుతో, ‘డి’ స్విచ్ చేర్చి, మూడు మళ్లీప్రయత్నాలతో రెండో విడత. మూలం ఏదో గమ్యం ఏదో సైజులు చూసి రెండుసార్లు సరిపోల్చుకోవాలి. అవి తారుమారైతే ఉన్న డేటా మీద ఖాళీ డ్రైవ్ నకలు పడుతుంది, ఆ పైన ఎవరూ ఏమీ చేయలేరు.

సెకనుకు 100 ఎంబీ చొప్పున ఆరోగ్యంగా చదివితే 1 టీబీకి 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. నకలు రాసే డ్రైవ్ యూఎస్‌బీ 2.0 మీద ఉంటే అదే పని దాదాపు 8 గంటలు. చెడ్డ సెక్టార్లు ఎక్కువైతే రోజులు కూడా పట్టవచ్చు. వచ్చిన ఇమేజ్ ఫైలు పేరు చివర డీఎంజీ అని పెట్టి, మ్యాక్‌లో చదవడానికి మాత్రమే అనుమతించే పద్ధతిలో తెరిస్తే ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫైల్‌వాల్ట్ (మ్యాక్‌లో డిస్క్‌ను గుప్తీకరించే ఏర్పాటు) పెట్టి ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది మరిచిపోతే ఇమేజ్ ఎంత శుభ్రంగా వచ్చినా వృథా.

ఫ్యూజన్ డ్రైవ్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. చిన్న ఎస్‌ఎస్‌డీనీ పెద్ద హార్డ్ డిస్క్‌నూ కలిపి ఒకే డ్రైవ్‌గా చూపించే ఏర్పాటు అది. ఒక ఫైలు సగం ఇక్కడ, సగం అక్కడ ఉండవచ్చు. కాబట్టి రెండింటి నకళ్లూ తీయాలి. డేటా దక్కాక మాత్రం ఒక లాభం ఉంది. 2012, 2013 నాటి ఫ్యూజన్‌లో 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండేది, జోడీ విడగొట్టి సిస్టమ్‌ను దానిమీదే వేసుకుని ఫైళ్లను బయటి డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. 2015లో 1 టీబీ ఫ్యూజన్‌కు ఆ ఎస్‌ఎస్‌డీని 24 జీబీకి కుదించారు. అంత చిన్నదానిలో సిస్టమ్ పట్టదు.

స్క్రీన్ విప్పడమా, బయట తగిలించడమా

2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమ్యాక్‌ల ముందు అద్దం అయస్కాంతాలతో నిలుస్తుంది, సక్షన్ కప్పులతో పైకి లేపితే వచ్చేస్తుంది. 2012 చివరి మోడల్ నుంచి స్క్రీన్‌ను చుట్టూ అంటుకునే పట్టీతో అతికించారు. దాన్ని పల్చటి చక్రం లాంటి పనిముట్టుతో కోయాలి, లోతు ఎక్కువైతే లోపలి కేబుళ్లు తెగుతాయి. స్క్రీన్‌ను నిలువుగా తెరిచినప్పుడు పైన మిగిలిన జిగురు లాగి అద్దం పగిలిన సందర్భాలు మెకానిక్‌లందరికీ తెలుసు. 5కే ప్యానెల్ పగిలితే దాని ఖరీదుకు పాత ఐమ్యాకే ఇంకొకటి వస్తుంది. ఇంకో ప్రమాదం పవర్ సప్లై బోర్డు. అది కవచం లేకుండా లోపల ఉంటుంది, ప్లగ్ తీసిన తరవాత కూడా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. చివర్లో కొత్త అంటుడు పట్టీల సెట్ కొని మళ్లీ అతికించాలి. వంద మందికి చేసిన చేతికి ఇది అరపూట పని. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు, పాడైన డిస్క్‌ను లోపలే వదిలేసి బయటినుంచి నడుపుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

2011 ఐమ్యాక్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది. దానికి యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంది. సెకనుకు 35 ఎంబీ మించి పోనిచోట ఎస్‌ఎస్‌డీ పెట్టినా అరకొరే. ఫైర్‌వైర్ 800 పోర్ట్ దానికి రెట్టింపుకు కాస్త పైన, థండర్‌బోల్ట్ పోర్ట్ అయితే సరిపోతుంది గానీ ఆ తరం ఎన్‌క్లోజర్లు (డ్రైవ్ పెట్టే కేసులు) అరుదు. థండర్‌బోల్ట్ 3 కేసును ఆపిల్ అడాప్టర్‌తో తగిలించవచ్చు, కానీ ఆ అడాప్టర్ కరెంటు అందించదు, కేసుకు సొంత పవర్ అడాప్టర్ ఉండి తీరాలి. అద్దం తేలిగ్గా లేచే యంత్రం కనుక దీన్ని విప్పి లోపలే మార్చడం తెలివైన పని. అయితే ఉష్ణోగ్రత కొలత డిస్క్ ద్వారానే అందే ఏర్పాటు వల్ల వేరే డిస్క్ వేయగానే ఫ్యాన్ గోలగోలగా తిరుగుతుంది. దానికి సెన్సర్ తీగ గానీ ఫ్యాన్‌ను అదుపుచేసే సాఫ్ట్‌వేర్ గానీ కావాలి.

ఏ డ్రైవ్, ఏ కేసు

2012–2015 ఐమ్యాక్‌ల యూఎస్‌బీ పోర్ట్ గరిష్ఠ వేగం 5 గిగాబిట్‌లు. ఆచరణలో సెకనుకు 400 ఎంబీ ప్రాంతం. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది కాబట్టి పోర్ట్‌ను అదొక్కటే నింపేస్తుంది. ఇక సెకనుకు 1,000, 2,000 ఎంబీ అని అట్టపెట్టె మీద రాసుకున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు (సాటా కన్నా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) డబ్బు పోయడం దండగ. 2017, 2019 మోడళ్ల వెనకున్న రెండు యూఎస్‌బీ-సీ ఆకారపు పోర్ట్‌లు థండర్‌బోల్ట్ 3, యూఎస్‌బీగా కూడా 10 గిగాబిట్‌లు ఇస్తాయి. అక్కడ ఎన్‌వీఎంఈకి అర్థముంది.

ఎన్‌వీఎంఈతో పాత పోర్ట్‌లో ఇంకో సమస్య కరెంటుది. యూఎస్‌బీ 3.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టుల వద్ద 900 మిల్లీఆంపియర్లు, అంటే నాలుగున్నర వాట్లు. సాటా ఎస్‌ఎస్‌డీకి అది చాలు. కొన్ని ఎన్‌వీఎంఈలు బరువైన రాతపని సమయంలో అంతకు మించి లాగుతాయి. అప్పుడు డ్రైవ్ ఒక్క క్షణం మాయమవుతుంది. మామూలు ఫైళ్ల డ్రైవ్ అయితే హెచ్చరికతో పోతుంది, సిస్టమ్ ఉన్న డ్రైవ్ అయితే కంప్యూటర్ ఉన్నపళాన బిగుసుకుపోతుంది. కారణం తెలియక ఎస్‌ఎస్‌డీ లోపమనుకుని మార్చేసేవాళ్లు చాలామంది.

వేగమంతా సెకనుకు ఎన్ని ఎంబీ అన్నదాంట్లో లేదు. 5,400 చుట్ల డిస్క్ వరుసగా చదివితే 100 ఎంబీ ఇస్తుంది గానీ, అక్కడక్కడా చెదిరిన చిన్న చిన్న ముక్కలు అడిగితే సెకనుకు వందలోపే అందించగలదు. ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేలల్లో చేస్తుంది. సిస్టమ్ లేవడం, యాప్ తెరుచుకోవడం అంతా చిన్న ముక్కల పనే. అందుకే యూఎస్‌బీ దారిలో ఉన్నా ఎస్‌ఎస్‌డీ లోపలి కొత్త హార్డ్ డిస్క్‌ను తేలిగ్గా ఓడిస్తుంది. ఇదే కారణంతో బయటి హార్డ్ డిస్క్ మీద సిస్టమ్ వేయడం దండగ పని. మ్యాక్ ఓఎస్ హై సియెరా వెర్షన్‌తో వచ్చి, మొహావీ నుంచి తిరిగే డిస్క్‌లకూ వాడుతున్న ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీల కోసమే తయారుచేశారు. తిరిగే డిస్క్‌పై అది సమాచారాన్ని ముక్కలు ముక్కలుగా చెదరగొట్టి నెలల్లోనే మందగిస్తుంది. పెన్‌డ్రైవ్ ఇంకా అధ్వానం. చిన్న రాతలకు దాని కంట్రోలర్ తట్టుకోలేదు, వేడెక్కి ఆగుతుంది. ఇన్‌స్టాలర్ పెట్టుకోవడానికి, రెస్క్యూకి తప్ప రోజువారీ సిస్టమ్‌కు పనికిరాదు.

కేసు కొనేటప్పుడు యూఏఎస్‌పీ (యూఎస్‌బీలో ఒకేసారి పలు ఆదేశాలు పంపే పద్ధతి) ఉన్నదే తీసుకోవాలి. అది లేని పాత పద్ధతిలో ఒక ఆదేశం ముగిశాకే రెండోది వెళ్తుంది, చిన్న ముక్కల పనిలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఒకే రంగు కేసులు పక్కపక్కనే రెండు ధరల్లో ఉంటాయి, బయటి ప్లాస్టిక్ ఒకటే, లోపల డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపే బ్రిడ్జ్ చిప్ వేరు. ఏఎస్‌మీడియా, జేమైక్రాన్, రియల్‌టెక్ చిప్‌లు ఎక్కువగా దొరికేవి. కంప్యూటర్‌కు తగిలించాక సిస్టమ్ రిపోర్ట్‌లో యూఎస్‌బీ విభాగం చూస్తే వేగం 5 గిగాబిట్‌లని ఉండాలి. 480 మెగాబిట్‌లని ఉంటే కేబుల్ గానీ కేసు గానీ యూఎస్‌బీ 2.0 మీద నడుస్తున్నట్టు. రెడీమేడ్ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కొంటే దానితో వచ్చే పాస్‌వర్డ్ లాక్ సాఫ్ట్‌వేర్‌ను ఆన్ చేయకూడదు. అన్‌లాక్ చేసే ప్రోగ్రామ్ నడవాలంటే ముందు సిస్టమ్ లేవాలి, సిస్టమేమో ఆ లాక్ వెనకే ఉంటుంది.

సిస్టమ్ వేయడం

లోపలి డిస్క్ చచ్చిపోతే కమాండ్-ఆర్‌తో వచ్చే రికవరీ (మరమ్మతుకూ ఇన్‌స్టాల్‌కూ వాడే చిన్న సిస్టమ్) కూడా దానితోపాటే పోతుంది. ఆప్షన్-కమాండ్-ఆర్ పట్టుకుంటే భూగోళం బొమ్మ తిరుగుతూ ఇంటర్నెట్ నుంచి రికవరీ దిగుతుంది, ఆ మోడల్‌కు కుదిరే అత్యంత కొత్త సిస్టమ్ ఇస్తుంది. షిఫ్ట్ కూడా కలిపితే యంత్రంతో వచ్చిన పాత సిస్టమ్ గానీ దానికి దగ్గరిది గానీ వస్తుంది. వైర్‌లెస్ కీబోర్డు ఈ దశలో తరచూ పలకదు, తీగ ఉన్న కీబోర్డు పక్కన ఉంచుకోవాలి. మ్యాక్ ఓఎస్ వెర్షన్లలో కాటలీనా 8 జీబీ పైచిలుకు, బిగ్ సర్, మాంటెరీ 12 జీబీ దాకా ఉంటాయి. ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజువారీ కోటా మీద దించుకుందామంటే మధ్యలో వేగం పడిపోయి ఇన్‌స్టాలర్ అర్థం కాని ఎర్రర్‌తో ఆగుతుంది.

ఏ మోడల్‌కు ఏది ఆఖరు: 2012, 2013 చివరి మోడళ్లకు కాటలీనా, 2014 వాటికి బిగ్ సర్, 2015 చివరి వాటికి మాంటెరీ, 2017కి వెంచురా, 2019కి సెకోయా.

డిస్క్ యుటిలిటీలో అందరూ తడబడే చోటు ఒకటుంది. వ్యూ మెనూలో ‘షో ఆల్ డివైసెస్’ ఎంచుకోకపోతే పైన ఉండే అసలు డ్రైవ్ పేరు కనిపించదు, కింద ఉన్న వాల్యూమ్‌ను మాత్రమే చెరిపేస్తారు. మార్కెట్లో వచ్చే డ్రైవ్‌లు చాలావరకు మాస్టర్ బూట్ రికార్డ్ పద్ధతిలో వస్తాయి. పైనున్న డ్రైవ్‌ను ఎంచుకుని జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌తో చెరిపితేనే ఇన్‌స్టాలర్ ఒప్పుకుంటుంది. ఫార్మాట్ హై సియెరా, ఆ తరవాతి వాటికి ఏపీఎఫ్‌ఎస్, పాతవాటికి మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ జర్నల్డ్. చెరిపే ముందు డ్రైవ్ పేరూ సైజూ చదివి చూడాలి, రెస్క్యూ నకలున్న డ్రైవ్ కూడా అక్కడే తగిలించి ఉంటే ప్రమాదం. దాన్ని ఊడబీకి పక్కన పెట్టి మొదలుపెట్టడం ఉత్తమం.

హై సియెరాకు ముందు కాలంలోనే ఆగిపోయిన యంత్రానికి ఇంకో అడ్డంకి రావచ్చు. దాని ఫర్మ్‌వేర్‌కు (బోర్డు మీదే ఉండే తొలి ప్రోగ్రామ్) ఏపీఎఫ్‌ఎస్ నుంచి లేవడం తెలియదు. ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్‌ను సరిచేయబోయి, లోపల ఆపిల్ వారి డిస్క్ పలకకపోతే ఫర్మ్‌వేర్ సరిచూడటంలో లోపమని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు పాత ఫార్మాట్‌తో సియెరా గానీ ఎల్ క్యాపిటన్ గానీ వేసుకుని నడుపుకోవడమే మార్గం.

సిస్టమ్ వేశాక స్టార్టప్ డిస్క్ సెట్టింగ్‌లో బయటి డ్రైవ్‌ను ఎంచాలి. ఇది మరిచిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ యంత్రం ముందు చచ్చిన డిస్క్‌ను వెతుక్కుంటూ ప్రశ్నార్థకపు ఫోల్డర్ చూపించి, చాలాసేపటికి బయటి దగ్గరికి వస్తుంది. ఎన్‌వీర్యామ్ (ఇలాంటి సెట్టింగ్‌లు గుర్తుంచుకునే చిన్న మెమరీ) రీసెట్ చేస్తే ఈ ఎంపిక చెరిగిపోతుంది, మళ్లీ పెట్టాలి. పాత ఫైళ్లను మైగ్రేషన్ అసిస్టెంట్ ద్వారా టైమ్ మెషీన్ బ్యాకప్ నుంచి గానీ, తీసిన ఇమేజ్ నుంచి గానీ తెచ్చుకోవాలి. పాడైన డిస్క్‌నే దానికి చూపిస్తే రాత్రంతా ‘లెక్కిస్తున్నాం’ అంటూ కూర్చుంటుంది.

తరవాత వచ్చే చికాకులు

బయటి ఎస్‌ఎస్‌డీ నుంచి లేచినా కంప్యూటర్ ఇంకా మధ్యమధ్య ఆగుతోందంటే నేరం లోపలున్న పాత డిస్క్‌దే. సిస్టమ్ ఆన్ కాగానే దాన్ని కూడా తెరవబోతుంది, దాని ఫైల్ సిస్టమ్ సరిచూస్తుంది, స్పాట్‌లైట్ (మ్యాక్‌లో వెతికే సాధనం) సూచీ తయారుచేయబోతుంది. చెడ్డ సెక్టార్ తగిలిన ప్రతిసారీ ఎదురుచూపు. మొదట డిస్క్‌ను స్పాట్‌లైట్ ప్రైవసీ జాబితాలో చేర్చాలి. తరవాత ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగ్ ఫైలులో ఆ వాల్యూమ్ గుర్తింపు సంఖ్యను (యూయూఐడీ) రాసి ‘నోఆటో’ అని పెడితే సిస్టమ్ దాన్ని తనంతట తాను తెరవదు. డిస్క్ తన పేరు కూడా చెప్పలేనంతగా చెడిపోతే ఈ ఉపాయమూ పనిచేయదు, అప్పుడు మాత్రం స్క్రీన్ విప్పి దాని తీగ ఊడబీకక తప్పదు.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడం, వై-ఫై మందగించడం మరొకటి. యూఎస్‌బీ 3.0 సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకి వస్తుందని 2012లోనే ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది. బ్లూటూత్, పాత వై-ఫై రెండూ ఆ పట్టీలోనివే. మంచి కవచం ఉన్న పొట్టి కేబుల్ వాడి, డ్రైవ్‌ను ఐమ్యాక్ వీపుకు అంటించకుండా కాస్త దూరంగా ఉంచి, వై-ఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే చాలావరకు సర్దుకుంటుంది.

హార్డ్ డిస్క్‌లను వీలైనప్పుడు నిద్రపుచ్చు అనే ఎనర్జీ సేవర్ టిక్కు తీసేయాలి. నిద్రలోకి వెళ్లి లేచేసరికి కొన్ని బ్రిడ్జ్ చిప్‌లు డ్రైవ్‌ను మళ్లీ పరిచయం చేస్తాయి, సిస్టమ్ కింద నేల జారిపోతుంది. కేబుల్ ఎవరి చేతికీ తగలకుండా స్టాండ్‌కు కట్టేయాలి, తుడిచేటప్పుడు ఊడిందా పని మధ్యలో ఉన్న ఫైలు గల్లంతే. యూపీఎస్ లేకుండా నడపకపోవడం మంచిది. ఇంకొక సంగతి, సిస్టమ్ ఉన్న ఎస్‌ఎస్‌డీలోనే ఇంకో పార్టిషన్ చేసి టైమ్ మెషీన్ పెట్టుకునేవాళ్లున్నారు. అది బ్యాకప్ కాదు, డ్రైవ్ పోయిన రోజు రెండూ పోతాయి. వేగంతో పని లేని బ్యాకప్‌కు చవక బయటి హార్డ్ డిస్క్ చాలు.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే

ఇక్కడ బయటి డ్రైవ్ ఎక్కువమందికి సరైన జవాబు కాదు. హార్డ్ డిస్క్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కింది మూత మరలు తీస్తే డిస్క్ చేతికొస్తుంది, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అదే చోట కూర్చుంటుంది. పైగా విండోస్ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డ్రైవ్ మీద సిస్టమ్ వేయడానికి ఒప్పుకోదు. విండోస్ 8తో వచ్చిన విండోస్ టు గో ఆ పని చేసేది గానీ, విండోస్ 10 2004 వెర్షన్‌తో 2020లో దాన్ని తీసేశారు. రూఫస్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ అలాంటి డ్రైవ్ తయారుచేస్తుంది, లోపలి డిస్క్‌లను ముట్టుకోకుండా ఉండే వీలు కూడా అందులోనే ఉంది. చెడుతున్న డిస్క్ ఉన్నచోట ఆ టిక్కు పెట్టాలి. నాలుగు రోజులు పని గడుపుకోవడానికి అది బాగానే ఉంటుంది. ఫైళ్లు రాబట్టే ముందు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ను గుప్తీకరించే ఏర్పాటు) సంగతి చూసుకోవాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది అడగకుండానే ఆన్ అయి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

లినక్స్ అయితే బయటి ఎస్‌ఎస్‌డీ మీద ఏ పేచీ లేకుండా నడుస్తుంది, ఒక్క మెలిక తప్ప. ఉబుంటు ఇన్‌స్టాలర్ చాలాకాలంగా బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) బయటి డ్రైవ్‌లో కాక లోపలి డిస్క్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో రాసేస్తూ వచ్చింది. పాడైన డిస్క్ పూర్తిగా కన్నుమూసిన రోజు, బాగున్న లినక్స్ కూడా లేవదు. వేసేముందు లోపలి డిస్క్ తీగ తీసేస్తే ఈ బాధ ఉండదు.

ఈ దారి మూసుకున్న యంత్రాలు

ఆపిల్ భద్రతా చిప్ టీ2 ఉన్న మ్యాక్‌లు, అంటే ఐమ్యాక్ ప్రో, 2018 నుంచి వచ్చిన ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు, 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్, బయటి డ్రైవ్ నుంచి లేవడాన్ని కొన్ననాటి నుంచే నిషేధించి ఉంచుతాయి. ఆ నిషేధం ఎత్తేయాలంటే రికవరీలో స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీ తెరిచి, లోపలి డిస్క్ మీదున్న సిస్టమ్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. డిస్క్ పోయాక ఆ అడ్మిన్ ఖాతా కూడా దానితోనే పోతుంది. కనుక అంతా బాగున్నప్పుడే ఆ సెట్టింగ్ మార్చి పెట్టుకోవాలి.

2020 నవంబరులో మొదలైన ఆపిల్ సొంత చిప్ ఎం1, ఆ తరవాతి చిప్‌ల మ్యాక్‌లలో ఆ వెసులుబాటు కూడా లేదు. బయటి డ్రైవ్‌లో సిస్టమ్ ఉన్నా, లేచే క్రమంలోని తొలి మెట్లు లోపలి ఎస్‌ఎస్‌డీ నుంచే చదవబడతాయి. ఆ ఎస్‌ఎస్‌డీ చనిపోతే యంత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది, థండర్‌బోల్ట్‌లో ఎంత ఖరీదైన డ్రైవ్ ఉన్నా చూడదు. బోర్డు మీద చిప్ స్థాయిలో పనిచేసే మెకానిక్‌లు కొత్త నాండ్ (స్టోరేజీ) చిప్‌లు అతికించి, మరో మ్యాక్ నుంచి ఆపిల్ కాన్ఫిగరేటర్‌తో డీఎఫ్‌యూ పద్ధతిలో ఫర్మ్‌వేర్ ఎక్కించి దాన్ని లేపగలరు. పాత చిప్‌లలోని డేటా మాత్రం రాదు. ప్రాసెసర్‌లోని సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భద్రతా భాగపు తాళంతో గుప్తీకరించిన డేటా అది, ఆ చిప్‌లను ఊడబీకి ఇంకో బోర్డు మీద పెట్టినా చదవడానికి వీలుండదు.